మా నూతి ఊట లెక్క

2023 ఏప్రిల్ రెండో వారంలో ఒక ఉదయం మోటారు వేసిన ఏడు నిమిషాలకే ట్యాంకులోకి నీళ్ళు పడే చప్పుడు మారిపోయింది. మేడ మీదకు వెళ్ళి చూస్తే పైపులోంచి ఎర్రటి బురద నీరు, దాని వెనుక గాలి, మళ్ళీ కొంచెం బురద వస్తున్నాయి. కిందికి పరుగెత్తి స్విచ్చి ఆపి నూతిలోకి తొంగిచూశాను. అడుగున నీళ్ళు ఉన్నాయి గానీ, కాఫీ రంగులోకి మారి కదులుతున్నాయి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన పద్నాలుగేళ్ళలో నూతి అడుగు అంత దగ్గరగా కనబడడం అదే మొదటిసారి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఊరికి ఉత్తరపు అంచున, కొండల వైపు మా అత్తవారి ఇల్లు ఉంది. పెరట్లో రాతి కట్టుబడితో ఉన్న నూతిని మా మామగారి తండ్రి తవ్వించారు. లోపలి వ్యాసం అయిదు అడుగులు, తవ్వినప్పటి లోతు నలభై అడుగులు అని మా అత్తగారు చెబుతారు. ఇంట్లో మేము అయిదుగురం, ఒక ఆవు, పెరట్లో నాలుగు మడుల కూరగాయలు ఉన్నాయి. నేను ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. కుళాయి నీళ్ళు మా వీధికి వస్తాయి గానీ, వేసవిలో వాటిని నమ్ముకొని ఇల్లు నడపలేము. నూతిని పూడ్చి ఆ జాగాలో గది వేసుకోమని చెప్పినవాళ్ళు లేకపోలేదు. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను ఊడ్చిపెట్టి వెళ్ళిన తరువాత మా వీధికి కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. బోర్లున్న ఇళ్ళన్నీ మోటారు తిరగక ఆగిపోతే, గిలక ఉన్న మా నూతి దగ్గర తెల్లవారుజామునుంచి బిందెలు వరస కట్టాయి. ఆ తరువాత ఈ నూతిని పూడ్చే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ ఏప్రిల్‌లో మేము మొదట చేసినవన్నీ పొరపాట్లే. మోటారు పాతబడింది, శక్తి చాలడం లేదని ఎలక్ట్రీషియన్ చెబితే, ఒక హార్స్ పవర్ మోటారు తీసి ఒకటిన్నర హార్స్ పవర్‌ది పెట్టించాం. అది నాలుగు నిమిషాలకే నూతిని ఖాళీ చేసింది. ఉన్న నీళ్ళను ముందుకంటే వేగంగా పైకి లాగడం తప్ప, లేని నీళ్ళను తెచ్చే గుణం ఏ మోటారుకూ ఉండదన్న సంగతి అప్పుడు మాకు తోచలేదు. తరువాత బోరు వేయించాం. బోరు లారీ తెచ్చిన మనిషి కొబ్బరికాయను అరచేతిలో నిలబెట్టుకొని పెరడంతా తిరిగి, ఇక్కడ జల తప్పకుండా ఉందని ఒక మూల చూపించాడు. 260 అడుగులు దింపినా బూడిద రంగు రాతిపొడి తప్ప చెమ్మ కూడా రాలేదు. మా రెండేళ్ళ పొదుపు ఆ మధ్యాహ్నం ఆ పొడిగా పెరట్లో కుప్పపడింది. మేము మౌసీ అని పిలిచే పక్కింటి ఒడియావారి పెద్దావిడ గోడ మీదుగా చూసి, ఏమీ మాట్లాడకుండా రెండు బిందెల నీళ్ళు పంపించింది.

ఆ పొడి ఎందుకు వచ్చిందో నాకు తరువాత మా తమ్ముడి ద్వారా తెలిసింది. వాడు భూగర్భశాస్త్రం చదువుకున్నాడు. మా చుట్టూ ఉన్న తూర్పు కనుమల్లో ప్రధానంగా ఉండేవి ఖోండలైట్, చార్నకైట్ అనే గట్టి రాళ్ళు. ఖోండలైట్‌కు ఆ పేరు ఈ కొండల్లో ఉండే కోందుల మీదుగా వచ్చింది. కోణార్క్, పూరీ ఆలయాల కట్టడంలో వాడినది కూడా ఈ జాతి రాయే. ఇసుక నేలలో గింజకూ గింజకూ మధ్య నీళ్ళు నిలిచినట్లు ఈ రాతిలో నిలవవు. రాయి పైభాగం ఎండకూ వానకూ లక్షల ఏళ్ళుగా చివికి మెత్తబడిన పొరలోనూ, కింద గట్టి రాతిలోని పగుళ్ళలోనూ మాత్రమే నీరు ఉంటుంది. ఆ పగులుకు బోరు తగిలితే నీళ్ళు, ఒక్క గజం పక్కకు జరిగితే పొడి. మా బోరు వట్టిపోయిన ఏడాదికే మౌసీ కొడుకు తన పెరట్లో, మా నూతికి సుమారు డెబ్భై అడుగుల దూరంలో వేయించిన బోరులో 220 అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. ఇందులో ఎవరి అదృష్టమూ ఎవరి పాపమూ లేవు.

చివికిన ఖోండలైట్‌కు ఇంకొక గుణం ఉంది. అది చాలావరకు సుద్దమట్టిగా, బంకమట్టిగా మారుతుంది. బంకమట్టి నీటిని బాగా పట్టుకుంటుంది గానీ త్వరగా వదలదు. పిండి ముద్దలో ఎంత నీళ్ళున్నా పిండితే నాలుగు చుక్కలు రానట్లు, మా నూతి చుట్టూ నేలలో తేమ ఉన్నా అది నూతిలోకి చెమర్చినట్లే వస్తుంది. ఇది విన్న తరువాత నా ఆలోచన ఒక మెట్టు ముందుకు జరిగింది. అప్పటిదాకా మేమందరం నూతిలో నీళ్ళు ఎన్ని ఉన్నాయని చూస్తున్నాం. చూడవలసింది గంటకు ఎన్ని ఊరుతున్నాయని.

మిల్లులో ఏ గోడౌనుకైనా ముందు నిల్వ చూసి, తరువాత రోజువారీ రాబడి చూస్తాం. నూతికీ అదే పద్ధతి పట్టాను. అయిదు అడుగుల వ్యాసం ఉన్న నూతిలో ఒక అడుగు ఎత్తు నీళ్ళంటే సుమారు 555 లీటర్లు, అంటే ఒక అంగుళానికి 46 లీటర్లు. ఈ ఒక్క సంఖ్య తెలిస్తే నూతిలో టేపు దింపిన ప్రతిసారీ లీటర్లు చదవవచ్చు. కొలవడానికి నూతి గట్టు మీద ఒకే చోట ఎర్ర రంగుతో గీత గీశాను, ఎందుకంటే గట్టు అంతటా ఒకే ఎత్తులో లేదు. ఉక్కు టేపు చివర చిన్న బరువు కట్టి, చివరి మూడు అడుగులకు సుద్దముక్కతో దట్టంగా రాశాను. గీత దగ్గర టేపును ఆనించి, నీటిలో కొంత మునిగేదాకా పూర్తి అడుగుల దగ్గర ఆపి, పైకి తీసి చూస్తే సుద్ద తడిసిన చోటు ముదురు గీతలా స్పష్టంగా ఉంటుంది. దింపిన అడుగుల్లోంచి తడిసిన భాగాన్ని తీసివేస్తే నీటి మట్టం తెలుస్తుంది. పైనుంచి చూసి అంచనా వేస్తే అరడుగు తేడా వచ్చే చోట, ఈ పద్ధతిలో పావు అంగుళం కూడా తప్పదు.

ఒక శుక్రవారం రాత్రి ట్యాంకూ, గంగాళాలూ నింపుకొన్నాం. శనివారం ఉదయం ఆరు గంటలకు మట్టం గీత నుంచి 36 అడుగులకు వచ్చేదాకా తోడి మోటారు ఆపేశాను. అప్పటికి నూతి అడుగు 38 అడుగుల దగ్గరే తగులుతోంది, అంటే రెండు అడుగుల పూడిక పేరుకొని ఉంది. 36 దాటి తోడితే బురద కదులుతోంది. ఆ తరువాత రెండు రోజులు ఆ నూతిలో ఎవరూ చేద వేయలేదు. మొదటి గంటలో సరిగ్గా ఒక అంగుళం పెరిగింది. శనివారం సాయంత్రం ఆరింటికి మొత్తం పది అంగుళాలు వచ్చింది. ఆదివారం ఉదయానికి ఇంకొక ఏడు, ఆ సాయంత్రానికి అయిదు, సోమవారం ఉదయానికి నాలుగు అంగుళాలు కలిశాయి. నూతి నిండే కొద్దీ ఊట మందగిస్తోంది.

ఇది నాకు మొదట వింతగా తోచింది. తమ్ముడిని ఫోనులో అడిగితే వాడు తేలికగా విప్పి చెప్పాడు. చుట్టూ నేలలో నీరు ఒక ఎత్తులో ఉంటుంది. మా నూతికి ఆ ఏప్రిల్‌లో అది గీత నుంచి సుమారు 33 అడుగులు. నూతిలో నీళ్ళు దానికంటే ఎంత కిందికి ఉంటే, బయటి నీరు అంత బలంగా లోపలికి తోసుకొస్తుంది. రెండూ దగ్గరపడే కొద్దీ ఆ తోపు తగ్గిపోతుంది. మూడు అడుగుల తేడా ఉన్నప్పుడు గంటకు 45 లీటర్లు వచ్చిన నూతిలో, ఒక్క అడుగు తేడా మిగిలినప్పుడు సుమారు 15 లీటర్లే వస్తాయి.

ఇక్కడే మా అత్తగారికీ నాకూ కొన్ని రోజులు మాట పట్టింపు వచ్చింది. ఎండలు ముదిరిన ఏడాది ఒక రోజు తోడి, ఒక రోజు నూతిని విడిచిపెట్టడం ఆవిడ కోడలుగా వచ్చిన నాటి నుంచి ఈ ఇంటి ఆచారం. “నుయ్యిని పూర్తిగా ఊరనీయమ్మా, కడుపు నిండకుండా తోడితే అది ఎండిపోతుంది” అని ఆవిడ అనేవారు. నేను ఆవిడ ముందు కాగితం పెట్టి లెక్క చూపించాను. ఆవిడ పద్ధతిలో రెండు రోజులకు వచ్చింది ఇరవై ఆరు అంగుళాలు, అంటే రోజుకు 600 లీటర్లు. ప్రతిరోజూ ఒకసారి 36 అడుగుల దాకా తోడుకుంటే రోజుకు పదిహేడు అంగుళాలు, అంటే 780 లీటర్లు. అదే ఆరు గంటలకు ఒకసారి కొంచెం కొంచెంగా తోడి, మట్టాన్ని ఎప్పుడూ కిందనే ఉంచితే ఒక్కో విడతకు అయిదున్నర అంగుళాలకు కాస్త తక్కువగా, రోజుకు వెయ్యి లీటర్ల దాకా రావాలి. ఆవిడ కాగితం వైపు చూసి, “మరి నీళ్ళు తేరుకోవద్దా?” అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆవిడ కాపాడుతున్నది నీళ్ళ పరిమాణాన్ని కాదు, తేటదనాన్ని. చేదతో తోడే రోజుల్లో, నిల్వ చేసుకునే ట్యాంకు లేని ఇంట్లో, తాగడానికి తేట నీళ్ళు దొరకాలంటే నూతిని కదపకుండా వదిలేయడం తప్ప వేరే దారి ఉండేది కాదు. ఆవిడ మాటను తీసివేయకుండా ఆ పని నూతికి బయట జరిగేలా చూడాలని అప్పుడు నిశ్చయించుకున్నాను.

పెరట్లో వంటింటి గోడ పక్కన వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి నేల మీద పెట్టాం. నూతి నీళ్ళు ముందు దానిలోకి వస్తాయి, అక్కడ తేరుకుంటాయి, తరువాత చిన్న మోటారుతో మేడ మీదకు వెళ్తాయి. కింది ట్యాంకు కొళాయిని ట్యాంకు అడుగు నుంచి అరడుగు పైన ఉంచాం, దానివల్ల అడుగున దిగిన మట్టి కదలదు. ఒకటిన్నర హార్స్ పవర్ మోటారును అమ్మేసి, నూతి నీళ్ళలోనే మునిగి పనిచేసే అర హార్స్ పవర్ మోటారు (ఓపెన్ వెల్ సబ్మెర్సిబుల్) దించాం. దాని పైపుకు గేటు వాల్వు పెట్టి నిమిషానికి ఇరవై లీటర్లకు తగ్గించాను. వేగం తగ్గించడం వల్ల రెండు మేళ్ళు కలిగాయి. నూతి అడుగు కలగడం ఆగింది, రాతి కట్టుబడి సందుల్లోంచి మట్టి జారడం తగ్గింది. మట్టం ఒక్కసారిగా పడిపోతే గోడ వెనుక నిలిచిన నీళ్ళు లోపలికి తోసుకొచ్చి పాత కట్టుబడిని కదిలిస్తాయన్న భయం నాకు ఎప్పుడూ ఉండేది. నీళ్ళు లేకుండా మోటారు తిరగకుండా ఆపే చిన్న పెట్టె, గడియారం పెట్టుకునే టైమరు కూడా అమర్చాం. ఉదయం అయిదు, పదకొండు, సాయంత్రం అయిదు, రాత్రి పదకొండు గంటలకు పన్నెండేసి నిమిషాలు. మొదటి పది రోజులు రాత్రి పదకొండింటికి నేనే లేచి టార్చి పట్టుకొని నూతి దగ్గర నిలబడ్డాను, ఎందుకంటే ఆ పెట్టె మీద నాకు ఇంకా నమ్మకం కుదరలేదు.

లెక్క నిజమైంది. ఏప్రిల్ చివరి వారంలో రోజుకు సుమారు 950 లీటర్లు వచ్చాయి. అంతకు ముందు మేము రోజుకు సుమారు 1100 లీటర్లు వాడుతున్నాం, కనుక మా వాడకం కూడా తగ్గవలసి వచ్చింది. బట్టలు వారానికి మూడు రోజులే, జాడించిన రెండో నీళ్ళు మొక్కలకు, ఆవును కడగడానికి గొట్టానికి బదులు బకెట్టు. వంకాయ మడులు రెండింటిని ఎండిపోనిచ్చాం. పిల్లలకు అది బాధ కలిగించింది, వాళ్ళు నాటిన మొక్కలవి. తగ్గించిన తరువాత 750 లీటర్లతో ఇల్లు గడిచింది.

మే రెండో వారానికి పరిస్థితి మళ్ళీ మారింది. చుట్టూ నేలలోని నీరే కిందికి జారి 34న్నర అడుగులకు చేరింది. ఆరు గంటలకు అయిదు అంగుళాలు రావలసిన చోట రెండున్నర, మూడు అంగుళాలే వస్తున్నాయి. రోజుకు 500 లీటర్లు. తోడే పద్ధతి ఎంత మార్చినా ఇక ప్రయోజనం లేదని, నూతిలో ఇంకా కిందికి వెళ్ళాలని నాకు అర్థమైంది. పూడిక తీయించడానికి అదే సరైన సమయం కూడా. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడే అడుగు దొరుకుతుంది.

గుమ్మ వైపు కొండ ఊళ్ళ నుంచి ఈ పని మీద వచ్చే సవర కూలీలు ముగ్గురిని మా వారు మాట్లాడుకొచ్చారు. వాళ్ళలో పెద్దాయన నూతి గట్టు మీద చేతులానించి చాలాసేపు లోపలికి చూశాడు. తరువాత లాంతరు వెలిగించి చేంతాడుకు కట్టి అడుగుదాకా దింపాడు. దీపం నీళ్ళకు అడుగు పైన ఒక్కసారి చిన్నదై మళ్ళీ నిలబడింది. అది చూసి ఆయన వెంటనే దిగలేదు. వేపకొమ్మలు పెద్ద మోపుగా కట్టించి, తాడుతో పైకీ కిందికీ అరగంట ఆడించాడు. నూతి అడుగున కదలని గాలి ఉంటుందని, దాన్ని ముందు కలియబెట్టాలని ఒడియా, తెలుగు కలిపి నాతో చెప్పాడు. రెండోసారి దింపిన దీపం స్థిరంగా వెలిగింది. అయినా దిగినవాడి నడుముకు తాడు కట్టే దింపారు, పైన ఇద్దరూ ఆ తాడు వదలలేదు. నేను మోటారు తీగ ఊడదీయడమే కాక ఇంటి మెయిన్ కూడా ఆపేశాను. దీపం నిలిచినంత మాత్రాన అన్ని విషవాయువులూ లేవని చెప్పలేము. పూడిక తీసేటప్పుడు నూతుల్లో మనుషులు పోయిన వార్తలు ప్రతి వేసవిలోనూ వింటూనే ఉంటాం. డీజిల్ ఇంజను నూతిలోకి దింపి నీళ్ళు తోడడం, దాని పొగ నిండిన చోటికి మనిషిని పంపడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు.

ఎనభై, తొంభై చేదల బురద వచ్చింది. పైన రెండు చేదలు, విరిగిన గిలక ఇరుసు, పిల్లల బంతి ఒకటి ఉన్నాయి. వాటి కింద ఎండుటాకులు కుళ్ళిన నల్లటి పొర, దాని కింద మెత్తని ఎర్ర సుద్ద. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో లోపలి నుంచి కేక వినబడింది. ఈశాన్యం వైపు గోడలో, సుమారు 38న్నర అడుగుల దగ్గర, పూడిక పూర్తిగా కప్పివేసిన చోట రెండు వేళ్ళు పట్టేంత పగులు బయటపడింది. దాన్ని లోపలికి దిగిన కుర్రవాడు ఇనుప ఊచతో నెమ్మదిగా శుభ్రం చేస్తుంటే, ముందు ఎర్రగా, తరువాత తేటగా సన్నని ధార గోడ వెంబడి జారడం పైనుంచి టార్చి వెలుగులో నేను చూశాను. మా అత్తగారిని పిలిచాను. ఆవిడ గట్టు పట్టుకొని వంగి చూసి, “ఈశాన్యపు జల అది. మా మామగారు తవ్వించినప్పుడు అక్కడే పడిందని చెప్పేవారు, నాయనా” అని కింద ఉన్న కుర్రవాడితో అన్నారు. ఆ ఊటను మా నూతి పోగొట్టుకోలేదు, మేము ఏళ్ళ తరబడి దాని మీద మట్టి పోగవనిచ్చాం.

అడుగున అరడుగు మందం గులకరాళ్ళు పరిపించాం, నీళ్ళు పైకి వచ్చేటప్పుడు మట్టి కదలకుండా ఉండడానికి. సున్నపురాయి కాకుండా ఏటి గులకరాళ్ళే కావాలని ఆ పెద్దాయన పట్టుబడితే, మహేంద్రతనయ నది ఒడ్డు నుంచి వచ్చినవి రెండు బండ్లు కొన్నాం. పని పూర్తయిన రాత్రి బ్లీచింగ్ పౌడర్ కలిపాం. ఆరోగ్య కార్యకర్తలు సాధారణంగా చెప్పే లెక్క వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. పొడిని ముందు బకెట్టులో నీళ్ళతో బాగా కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పై తేటను మాత్రమే చేదలో పోసి, దాన్ని నీళ్ళలో ముంచి పైకీ కిందికీ ఆడించాలి. గంటసేపయినా ఆగాలి, మేము తెల్లవారేదాకా ఆగాం. తాగే నీళ్ళు ఇప్పటికీ కాచే వాడుతున్నాం. నూతి మట్టాన్ని కిందికి దించి ఉంచితే నీళ్ళు అన్ని వైపుల నుంచీ లోపలికి వస్తాయి. మురుగు గుంతలు నూతికి కనీసం యాభై అడుగుల దూరంలో ఉండాలని చెప్పేది ఇందుకే. మా మరుగుదొడ్డి గుంత అరవై అడుగుల్లో ఉంది, అయినా జాగ్రత్త మానలేదు.

పూడిక తీసిన తరువాత మట్టాన్ని 38 అడుగుల దాకా దించుకోగలిగాం. బయటి నీరు అదే 34న్నర దగ్గర ఉన్నా, ఆరు గంటలకు ఆరు అంగుళాలు ఊరింది. రోజుకు 1100 లీటర్లు. వారం కిందట 500 లీటర్లిచ్చిన నూతే అది. ఆ లెక్క పుస్తకంలో రాసుకున్న సాయంత్రం నేను చాలాసేపు ఆ పేజీ మూయలేకపోయాను. బోరుకు పెట్టిన డబ్బులో చిన్న భాగంతో ఈ పని ఏప్రిల్‌లోనే జరిగిపోయేది.

ఆ ఏడాది రథయాత్ర వెళ్ళిన తరువాత గట్టి వానలు పడ్డాయి. మా మేడ కప్పు తొమ్మిది వందల చదరపు అడుగులు. దాని మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 83 లీటర్లు. యాభై మిల్లీమీటర్లు కురిసిన ఒక్క రోజున, ఆవిరీ చిందులూ పోను, మూడు వేల లీటర్లకు పైగా మా గొట్టాల్లోంచి వీధి కాలువలోకి పోతున్నాయని లెక్క వేసుకున్నాక ఊరుకోలేకపోయాం. కొందరు ఆ గొట్టాన్ని తిన్నగా నూతిలోకే వదులుతారు. అది మంచిది కాదు, పిట్టల రెట్టలూ, దుమ్మూ తాగే నీళ్ళలో కలుస్తాయి. మేము నూతికి పదిహేను అడుగుల దూరంలో గుంత తవ్వి, అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆపైన ఇసుక వేసి, మొదటి వానల నీటిని బయటికి మళ్ళించి, మిగతాది ఆ గుంతలోకి ఇంకిస్తున్నాం. బంకమట్టి నేల కనుక అది త్వరగా ఇంకదు, పొర్లిపోయే నీళ్ళు కొన్ని ఉంటాయి. దీనివల్ల మాకు కలిగిన మేలు ఇంత అని నేను గట్టిగా చెప్పను. మరుసటి వేసవిలో మట్టం కొంత మెరుగ్గానే ఉంది గానీ, ఆ ఏడాది వానల వల్ల ఎంత, గుంత వల్ల ఎంత అని విడదీసి చూసే వీలు నాకు లేదు.

ఇప్పుడు నేను ఏడాదికి నాలుగుసార్లు, జనవరి, ఏప్రిల్, ఆగస్టు, నవంబరు నెలల్లో మట్టం తీసి రాస్తున్నాను. కేంద్ర భూగర్భజల మండలి వారు తమ పరిశీలన బావులను కూడా సుమారుగా ఈ నెలల్లోనే చూస్తారని తమ్ముడు చెప్పాడు. ఏప్రిల్‌లో మాత్రం మట్టంతో పాటు ఊట కూడా చూస్తాను, మూడు అడుగులు దించి మొదటి ఆరు గంటల్లో ఎన్ని అంగుళాలు వచ్చాయో రాస్తాను. ఆ ఒక్క సంఖ్య పడిపోతే మళ్ళీ పూడిక చేరిందని అర్థం. మట్టం పడిపోయి ఊట అలాగే ఉంటే నేలలో నీరే తగ్గిందని అర్థం. ఈ రెండింటినీ వేరుగా చూడడం తెలియకనే మేము ఆ ఏప్రిల్‌లో మోటారు మార్చి, బోరు వేయించి డబ్బు పోగొట్టుకున్నాం. అత్తగారు ఇప్పటికీ ఒక రోజు నూతిని విడిచిపెట్టమనే అంటారు. వర్షాకాలంలో, నీళ్ళు గీతకు తొమ్మిది అడుగుల దాకా వచ్చినప్పుడు, ఆవిడ మాట ప్రకారమే నడుస్తున్నాం. అప్పుడు తొందరేమీ లేదు, తేట నీళ్ళు దొరుకుతాయి.

ఇక తేలవలసింది ఒక్కటే మిగిలింది. మౌసీ వాళ్ళ బోరు నడిచిన రోజుల్లో మా నూతి ఊట కొంచెం తగ్గినట్లు రెండుసార్లు అనిపించింది. వాళ్ళ పగులూ మా పగులూ ఒకటే అయి ఉండవచ్చు, కాకపోనూవచ్చు. గోడ దగ్గర నిలబడి మౌసీ కొడుకుతో ఈ మాట అన్నప్పుడు అతను నొచ్చుకోలేదు. వచ్చే ఏప్రిల్ కొలతకు ఒక రోజు వాళ్ళ మోటారు పూర్తిగా ఆపి, మరొక రోజు ఉదయం నుంచి నడిపి, రెండు రోజులూ మా నూతిలో టేపు దింపి చూద్దామని, తేడా కనబడితే ఇద్దరం వేళలు మార్చుకొని తోడుకుందామని మాట్లాడుకున్నాం. టేపు పట్టుకోవడానికి అతనే వస్తానన్నాడు.